జాబితాలో మొదటి పేరు

నేను మంచి నర్సుని. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది చదివాక మీలో కొందరికి అనుమానం రావచ్చు. మొత్తం ముప్పై ఒక్క ఏళ్లు చేశాను. మొదటి ఆరేళ్లు గుంటూరు వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో, తరవాత పాతికేళ్లు ఇక్కడే, ఇంగ్లండులో, కోవెంట్రీలో. అందులో చాలా ఏళ్లు ముసలివాళ్ల వార్డుకి సిస్టర్‌ని, అంటే ఇన్‌ఛార్జిని. ఇప్పుడు రిటైరై మోకాళ్లకి నూనె రాసుకుంటూ కూర్చున్నాను కాబట్టి, ఈ దేశానికి కొత్తగా వచ్చిన నర్సు పిల్లలు చర్చి అయ్యాక పట్టుకుని, "ఆంటీ, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. నేను గెలిచినవన్నీ చెబుతుంటాను. ఓడిపోయింది ఒకటుంది. దాన్ని నోటితో చెబితే మధ్యలో నన్ను నేనే వెనకేసుకొస్తానని భయమేసి కాగితం మీద పెడుతున్నాను.

నా వార్డు గురించి ముందు చెప్పాలి. ఇరవై ఎనిమిది పడకలు. దుప్పటి మూల మడత సరిగ్గా లేకపోతే విప్పి మళ్లీ పరిపించేదాన్ని. మందుల ట్రాలీ ఎడంపక్క ఉండాలంటే ఎడంపక్కే ఉండాలి. నేను వస్తున్నానని తెలిస్తే డాక్టర్లు కూడా టీ కప్పులు దాచేవారు. వేరే వార్డుల్లో చెయ్యలేక చేతులెత్తేసిన రోగుల్ని మా దగ్గరికి పంపేవారు, మేం నడిపించి ఇంటికి పంపేవాళ్లం. ఇందులో గొప్ప చెప్పుకోవడం ఏమీ లేదు, ఆ రోజుల్లో పనిచేసినవాళ్లని ఎవర్నడిగినా ఇదే చెబుతారు.

ఇక నా ఆఫీసు గోడకి ఒక ఫ్రేము ఉండేది. ఇన్నేళ్లలో ఒక్క రోజు కూడా సిక్ లీవు పెట్టనందుకు ఆసుపత్రి వాళ్లిచ్చిన సర్టిఫికెట్ అది. జ్వరంతో వెళ్లాను, నడుం పట్టేస్తే బెల్టు కట్టుకుని వెళ్లాను. మా ఆయనకి గాల్ బ్లాడర్ ఆపరేషనైన రోజున కూడా ఆయన్ని పడకలో చూసుకుని నా షిఫ్టుకి నేను పోయాను. మన నర్సులకి ఇదొక జబ్బు. ఫోన్ చేసి ఒంట్లో బాలేదని చెప్పడమంటే దొంగతనం చేసి దొరికిపోయినంత సిగ్గు మనకి. నేను పని నేర్చుకున్న చోట అలా ఫోన్ చేస్తే మా మేట్రనమ్మ, "బాలేకపోతే వచ్చేది ఆసుపత్రికే కదమ్మా, రా" అనేది. ఆ రా అన్న మాట నా చెవిలో పాతికేళ్లు మోగింది. నా కింద ఎవరైనా సిక్ అని ఫోన్ చేస్తే సరేనని ఫోన్ పెట్టేసేదాన్ని కానీ, వాళ్లు తిరిగొచ్చాక ఓ వారం మొహం ముడుచుకునే మాట్లాడేదాన్ని. ఫ్రేము వంక ఒకసారి చూసి మరీ మాట్లాడేదాన్ని.

ఆ చలికాలం మా వార్డులో ఒక టీచరమ్మ ఉండేది. ఇంగ్లీషావిడ, ఎనభై దాటాయి. తుంటి ఎముక విరిగి వచ్చింది. చూపు దాదాపు పోయింది, మనిషి ఎదురుగా నిలబడితే మొహం కాకుండా మొహం చుట్టూ ఉన్నది మాత్రం కనపడేదట. బళ్లో ముప్పై ఏళ్ల పాటు పిల్లలకి నాటకాలు నేర్పింది. అందులోనూ పాత గ్రీకు విషాద నాటకాలంటే ఆవిడకి ప్రాణం. ఆవిడ మంచం నర్సుల బల్లకీ స్టాఫ్ టాయిలెట్‌కీ మధ్య దారిలో ఉండేది. అందరూ ఆ పక్క నుంచే పోవాలి కాబట్టి అందరితోనూ కబుర్లే.

ఒకరోజు తుంటి మీద కట్టు మారుస్తుంటే, "మీ దేశంలో నాటకాలు చూశారా సిస్టర్?" అని అడిగింది.

"చూడకేం. తెల్లవార్లూ పద్యాలు పాడేవారు. రెండో రాగానికి నేను నిద్రపోయేదాన్ని," అన్నాను.

"గ్రీకులు పట్టపగలు ఆడేవారు. కొండవాలు మీద, ఎండలో, ఊరు ఊరంతా కూర్చుని చూసేది." దిండు మీద తల నా వైపు తిప్పింది. "ఆ నాటకాల్లో రాజు చెడ్డవాడు కాదు, తెలుసా. అదే గమ్మత్తు. చెడ్డవాడు పడిపోతే చప్పట్లు కొట్టి ఇంటికి పోతాం. ఈ రాజు తెలివైనవాడు, ఊరి కోసం నిద్ర మానుకున్నవాడు. ఒకప్పుడు ఊరిని కాపాడినవాడు కూడా. అందుకే ఎవరు చెప్పినా వినడు."

"చెప్పేవాళ్లు లేరా మరి?"

"లేకేం! పెద్దవాళ్లు చెబుతారు, ఇంట్లోవాళ్లు చెబుతారు. ఎవరో గుడ్డివాడొచ్చి చెబుతాడు. నీకెవరు లంచమిచ్చి పంపారని వాళ్లనే తిడతాడు రాజు. ఆఖరికి తలుపు వెనక ఏదో ఘోరం జరిగిపోతుంది. అది మనకి చూపించరు, ఒకడు పరిగెత్తుకొచ్చి చెబుతాడు. ఆ తరవాత రాజు బయటికి వస్తాడు. ఊరి జనం అందరి ముందుకీ. పిల్లలకి నేనెప్పుడూ చెప్పేదాన్ని, కత్తిపోటు కాదర్రా కష్టం, ఆ గుమ్మం దాటి బయటికి రావడం కష్టం అని."

"పాపం, ఆయన పక్కన ఓ మంచి నర్సుంటే సరిపోయేది," అన్నాను. ఆవిడ నవ్వితే కట్టు జారిపోయింది, మళ్లీ మొదటినుంచీ కట్టాను.

ఇక అసలు సంగతి. ఒక ఆదివారం చర్చిలో అందరం తలా ఒక వంటా తెచ్చుకుని భోజనాలు చేశాం. సాయంత్రానికి నాకు కడుపులో తిప్పడం మొదలైంది. చేపల పులుసు పడలేదనుకున్నాను. రెండుసార్లు వాంతి, తరవాత విరేచనాలు. పల్చటి మజ్జిగలో ఉప్పేసుకుని తాగి పడుకున్నాను. సోమవారం పొద్దున్న మా ఆయన, "ఈ పూటకి మానెయ్యవే" అంటే ఆయన వంక ఒక చూపు చూశాను. ఆయన నోరు మూసుకుని కారు తీశాడు. నిజం చెబుతున్నాను, ఆ రోజు నాకు ఒంట్లో బాలేదన్న ఆలోచనే రాలేదు. తిన్నది పడలేదు, అంతే. నాకు జబ్బు చెయ్యదు కదా, గోడ మీద రాసి ఉంది.

మంగళవారం తెల్లారేసరికి మూడో నంబరు మంచం మీది పెద్దాయనకి వాంతులు. మధ్యాహ్నానికి ఇంకో నలుగురికి. బుధవారానికి పన్నెండు మంది. చలికాలంలో ఇక్కడి వార్డుల్ని పట్టి పీడించే వాంతుల బగ్ అది. కుర్రాళ్లకి రెండు రోజుల బాధ, ముసలివాళ్లకి ప్రాణం మీదికొస్తుంది. వార్డు మూసేశారు. కొత్తవాళ్లని చేర్చుకోకూడదు, చూడ్డానికి ఎవరూ రాకూడదు. మూడో నంబరు పెద్దాయనకి సెలైన్ పెట్టాం. ఆయన కూతురు అద్దం తలుపుకి అవతల నిలబడి చెయ్యి ఊపుతూ ఏడ్చింది. నా వార్డులోకి దీన్ని తెచ్చిందెవరో తేల్చందే వదిలిపెట్టనని అందరూ వినేలా అన్నాను.

మా దగ్గర అప్పుడు ఒక తెలుగమ్మాయి ఉండేది. వరంగల్ వైపు నుంచి వచ్చి మూడు నెలలైంది. అక్కడ నర్సే కానీ ఇక్కడి పరీక్ష ఇంకా పాసవ్వాలి, ప్రొబేషన్‌లో ఉంది. ఉద్యోగం పోతే వీసా కూడా పోతుంది. హైదరాబాద్‌లో భర్తా, మూడేళ్ల కూతురూ సూట్‌కేసులు సర్దుకుని ఈమె పిలుపు కోసం కూర్చున్నారు. మనిషి నెమ్మది, పని శుభ్రం. ఒక తెలుగింట్లో గది అద్దెకి తీసుకుని ఉండేది. తెలుగుపిల్ల కదాని నేను ఎక్కువ మంచిగా ఉండేదాన్ని అనుకుంటున్నారేమో, కాదు, మనవాళ్లని వెనకేసుకొస్తుందన్న మాట రాకూడదని ఇంకో రెండు రెట్లు కటువుగా ఉండేదాన్ని.

బుధవారం మధ్యాహ్నం హ్యాండోవర్. అంటే పొద్దుటి షిఫ్టువాళ్లు మధ్యాహ్నం వాళ్లకి రోగుల సంగతులు అప్పజెప్పే సమయం, అందరం బల్ల చుట్టూ నిలబడతాం. ఆ అమ్మాయి మొహం పాలిపోయి ఉంది. అందరి ముందూ ఇంగ్లీషులో అడిగాను, "నీ ఇంట్లో ఎవరికైనా ఈ బగ్ ఉందా?" అని.

"ఇంటామె బిడ్డకి వాంతులైనయి సిస్టర్," అంది, కంగారులో ఇంగ్లీషు మర్చిపోయి.

ఎప్పుడు అని అడగలేదు. చిన్నపిల్లైనా అడిగే ప్రశ్న అది. నాకు దొంగ దొరికేశాడు, ఇంకా ప్రశ్నలెందుకు? "ఇంట్లో జబ్బు పెట్టుకుని, నీకు ఒంట్లో బాలేని సంగతి దాచి డ్యూటీకి వచ్చావు. పన్నెండు మంది ముసలివాళ్లు మంచాన పడ్డారు. నీలాంటి వాళ్ల చేతికి నా రోగుల్ని ఇవ్వను," అన్నాను. తొమ్మిది మంది వింటున్నారు. ఆ అమ్మాయి ఏదో చెప్పబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సింకు దగ్గరికి పరిగెత్తింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలనుకున్నాను. ఇంటికి పంపించి, లక్షణాలు దాచి పనికి వచ్చిందని అనుమానం ఉందంటూ ఇక్కడ నా పై అధికారి అయిన మేట్రన్‌కి రిపోర్టు రాశాను. సోమవారం పన్నెండింటికి ఆమె ప్రొబేషన్ మీద మీటింగ్ పెట్టారు.

సోమవారం పొద్దున్నే ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు వచ్చాడు. వార్డుల్లో అంటుజబ్బులు ఎక్కడ మొదలయ్యాయో తేల్చడం ఆయన పని. ఎవరికి ఏ రోజు మొదలైందో రోగులవీ స్టాఫువీ పేర్లు తేదీలతో రాసి ఇవ్వాలి. ఆ జాబితా రాసింది నేనే. స్టాఫులో మొదటి పేరు ఆ అమ్మాయిది పెట్టాను.

ఆయన పెన్ను అంచుతో తేదీల మీద తడుతూ, "ఈ అమ్మాయికి మొదలైంది బుధవారం. మీ పెద్దాయనకి మంగళవారం తెల్లవారుజామున. వెనకనించి ముందుకి ఎలా పోతుంది సిస్టర్? ఆదివారమో సోమవారమో ఇంకెవరికో వచ్చి ఉండాలి," అన్నాడు.

"ఆదివారం నుంచే ఉండి ఉంటుంది, దాచింది," అన్నాను.

"స్టాఫందరి పేర్లూ ఉన్నాయా ఇందులో?"

"ఉన్నాయి."

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఆయన భుజాలెగరేసి, మీటింగులో కలుద్దామని వెళ్లిపోయాడు.

పది గంటలకి టీచరమ్మకి మందులివ్వడానికి వెళ్లాను. ఆవిడకి ఈ బగ్ రాలేదు, గట్టి పిండం. మాత్రలు మింగి, నీళ్లు తాగి, "మీకు తగ్గిందా సిస్టర్?" అంది.

"ఏం తగ్గడం?"

"అదే, పోయిన సోమవారం. పాపం ఇటునుంచి ఎన్నిసార్లు పరిగెత్తారో. నాలుగోసారి తరవాత లెక్కపెట్టడం మానేశాను. మీ నడక నాకు తెలుసుగా, వార్డంతటికీ తెలుసు. ఆ రోజు మాత్రం గోడ పట్టుకుని నడిచారు. మీకే ముందొచ్చిందని అందరికీ తెలుసనుకున్నాను. ఆ పిల్ల మీద పడ్డారేమిటి అందరూ?"

నాకు ఒళ్లు మండిపోయింది. నిజంగానే, మొదట వచ్చింది కోపమే. "మీరు రోగి. రోగిలా ఉండండి. కనపడనివి ఊహించుకోకండి," అన్నాను. నా నోట్లోంచి ఆ మాట వచ్చాక వెనక్కి తీసుకోవడానికి లేదు. ఆవిడ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లో పట్టుకుని ఉంటే, తీసుకుని బల్ల మీద పెట్టి ఆఫీసుకి వెళ్లి తలుపేసుకున్నాను.

కుర్చీలో కూర్చున్నాక ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. చేపల పులుసు అందరం తిన్నాం, నాకు తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. సోమవారం మధ్యాహ్నం మూడో నంబరు పెద్దాయన ఎవరు పెట్టినా తినడం లేదంటే నేనే వెళ్లి నా చేత్తో కస్టర్డ్ తినిపించాను. దానికి ముందు టాయిలెట్‌కి వెళ్లొచ్చాను. చేతులు కడుక్కున్నానా? కడుక్కున్నాననే అనుకుంటున్నాను. హడావుడిలో గోడ మీది జెల్ రాసుకుని వెళ్లానేమో కూడా. ఆ బగ్‌కి జెల్ ఒక లెక్కా, సబ్బూ నీళ్లూ కావాలి. ఆ మాట వార్డులో గోడగోడకీ అంటించింది నేనే. వాంతులు తగ్గాక రెండు రోజుల దాకా ఎవరూ పనిలోకి రాకూడదని డ్యూటీల చార్టు పక్కన ఎర్ర అక్షరాలతో రాసింది కూడా నేనే.

ఇప్పుడు సిగ్గు విడిచి చెప్పాల్సిన మాట ఒకటుంది. తెలిసిన వెంటనే నేను పరిగెత్తుకెళ్లి ఒప్పుకోలేదు. ఆ గదిలో గంటన్నర కూర్చున్నాను. టీచరమ్మకి చూపు లేదు, నొప్పికి మత్తు మందులు వాడుతోంది, ఆవిడ మాటెవరు నమ్ముతారు అనుకున్నాను. మా ఆయన నా మాట కాదనడు. ఆ అమ్మాయిది చిన్న వయసు, ఇంకో ఉద్యోగం దొరుకుతుంది అని కూడా అనుకున్నాను. అనుకున్నాక ఆ సూట్‌కేసులు సర్దుకున్న పసిపిల్ల గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యమేసింది. మోకాళ్ల మీద ప్రార్థన చేద్దామనుకున్నాను, మాటలు రాలేదు. లేచి మొహం కడుక్కుని, ఆ జాబితా తీసి, స్టాఫు పేర్లలో అందరికన్నా పైన నా పేరు రాశాను. ఆదివారం, సాయంత్రం ఆరు గంటలు.

మీటింగు గదిలో నలుగురు. మేట్రన్, హెచ్‌ఆర్ నుంచి ఒకావిడ, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు, నేను. ఆ మేట్రన్ ఒకప్పుడు నా కింద పని నేర్చుకున్న పిల్లే. ఆ అమ్మాయిని లోపలికి పిలవకముందే జాబితా బల్ల మీద పెట్టి, "ఇది తప్పుగా రాశాను. ఇప్పుడు సరిగ్గా ఉంది," అన్నాను. ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు చదివి పక్కకి జరిపాడు. మేట్రన్ కాగితం అందుకుని పైన ఉన్న పేరు చదివింది.

"ఏం చెబుతున్నారో తెలిసే చెబుతున్నారా?"

"తెలిసే."

కొంత చర్చ జరిగింది, అవన్నీ మీకెందుకు. చివరికి నాకు రాతపూర్వకంగా హెచ్చరిక, మూడు నెలలు ఇన్‌ఛార్జి పని నుంచి పక్కకి. ఆ అమ్మాయి మీద ఏమీ ఉండదు, రిపోర్టు రద్దు. అంతా అయ్యాక మేట్రన్ గొంతు తగ్గించి, "ఇది ఈ గదిలోనే ఉంచుదాం. క్లినిక్‌లో మనిషి కావాలన్నారని మిమ్మల్ని పంపినట్టు చెబుతాం. ఇన్నేళ్ల మీ పేరు ఎందుకు పాడవ్వాలి?" అంది. ఆమె మంచితనం అది. నేనూ హమ్మయ్య అనుకున్నాను. నిజం చెప్పాను, పరువు నిలిచింది, ఇంకేం కావాలి? బయటికొచ్చేటప్పుడు నా నడుం మళ్లీ నిటారుగా అయింది.

వరండాలో కుర్చీ అంచు మీద ఆ అమ్మాయి ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. తెలుగులో చెప్పాను. "నీ మీద ఏం లేదమ్మా. బగ్ తెచ్చింది నేను. లోపల అంతా చెప్పేశాను. నీ ఉద్యోగానికి ఢోకా లేదు, మీ ఆయనకి ఫోన్ చేసి చెప్పుకో."

థాంక్యూ అంటుందని ఎదురుచూశాను. ఏడుస్తుందేమో, ఓదార్చాలేమో అని కూడా అనుకున్నాను. ఆమె నా మొహంలోకి చూసింది.

"ఇంటామె పాపకి వాంతులైంది మంగళవారం రాత్రి సిస్టర్. గదే చెప్పబోయిన ఆ రోజు. మీరు ఇననే లేదు."

"అవును. వినలేదు."

"లోపల ఎంతమందికి చెప్పిన్రు?"

"ముగ్గురున్నారు."

"నన్నైతే అందరి ముంగట అన్నరు కదా." గొంతు పెంచలేదు. "గా రోజు సంది ఒక్కళ్లు నాతోని మాట్లాడలే. పొద్దుగాల వస్తే నేను ముట్టిన కప్పు సుత ఎవ్వరు ముట్టలే. మీరు గీ రూంల ముగ్గురికి చెప్పి, నీదేం లేదు పో అంటే ఎట్ల పోవాలె సిస్టర్? నేను మళ్ల ఆళ్ల మధ్యలనే పని చెయ్యాలె కదా."

నాకు ఉద్యోగం నేర్పినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంత సూటిగా ఎవరూ నేర్పలేదు. ఒక్క క్షణం నా లోపలి సిస్టర్, "నాతో ఇలా మాట్లాడతావా" అని లేచింది. దాన్ని కూర్చోబెట్టాను.

గడియారం చూస్తే ఒంటిగంటా ఇరవై. హ్యాండోవర్‌కి పది నిమిషాలుంది. "నడు," అన్నాను.

బల్ల చుట్టూ అదే తొమ్మిది మంది. అందులో పదిహేనేళ్లుగా నాతో ఉన్న కేరళ నర్సు ఉంది, నేల తుడిచే ఆవిడ కూడా ఉంది. ఆ అమ్మాయి అందరికీ దూరంగా ఫ్రిజ్ పక్కన నిలబడింది. పది అడుగుల దూరంలో మంచం మీద టీచరమ్మ దిండుకి ఆనుకుని మా వైపు తల తిప్పి ఉంది. బల్ల అంచు పట్టుకున్నాను. పాతికేళ్లలో ఎన్నో చావులు చూశాను, ఎంతోమందికి చెప్పరాని కబుర్లు చెప్పాను, ఎప్పుడూ దేన్నీ పట్టుకోవాల్సిన అవసరం రాలేదు.

ఇంగ్లీషులో చెప్పాను. "పోయిన బుధవారం ఇక్కడే నిలబడి మీ అందరి ముందూ ఈ అమ్మాయిని నిందించాను. అది అబద్ధం. బగ్ తెచ్చింది నేను. ఆదివారం నాకు వాంతులయ్యాయి. రూలు తెలిసి కూడా సోమవారం పనికి వచ్చాను. మూడో నంబరు పెద్దాయనకి తినిపించింది నేను. ఈ అమ్మాయికి అంటించింది కూడా నేనే." తరవాత ఫ్రిజ్ వైపు తిరిగి తెలుగులో, "తప్పు నాదమ్మా. నన్ను క్షమించు," అన్నాను.

మాప్ పట్టుకున్న ఆవిడ నేల చూపులు చూస్తోంది. ఎవరో ఒకరు ఆశ్చర్యపోతారని చూశాను. ఎవరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు. కేరళ నర్సు మెల్లిగా, "సోమవారం మీ మొహం చూసే మేం అనుకున్నాం సిస్టర్. కానీ మీకు ఎవరు చెబుతారు?" అంది.

మిగిలిన దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. తొమ్మిది మంది ఆడవాళ్లు, రోగి గుండె ఒక్క నిమిషం తేడాగా కొట్టుకుంటే డాక్టర్ని నిలదీసేవాళ్లు, నా వార్డులో నాకు మాత్రం చెప్పలేకపోయారు. చెప్పిన రోజు మొహం ముడుచుకునే మనిషికి ఎవరు చెబుతారు? గొప్ప వార్డు అనుకున్నాను. రోగులకి గొప్పదే. నా స్టాఫు మాత్రం నోళ్లు కట్టేసుకుని పనిచేశారు, కట్టింది నేనే.

అప్పుడా అమ్మాయి ఫ్రిజ్ దగ్గర నుంచి వచ్చి బల్ల దగ్గర ఖాళీగా ఉన్న చోట నిలబడింది. కేరళ నర్సు కాస్త జరిగి చోటిచ్చింది. "సరే సిస్టర్," అంది ఆ అమ్మాయి, అంతే. నేను హ్యాండోవర్ మొదలుపెట్టాను. మూడో నంబరుతో మొదలుపెట్టాను. ఆయన ఆ రోజు పొద్దున్నే సగం గిన్నె గంజి తాగాడు, ఇంకో రెండు వారాలకి కూతురి చెయ్యి పట్టుకుని ఇంటికి వెళ్లాడు. దేవుడి దయ, ఇంకోలా జరిగి ఉంటే ఇది రాసే ధైర్యం నాకు ఉండేది కాదు.

టీచరమ్మ దగ్గరికి వెళ్లి పొద్దుటి మాటకి క్షమాపణ అడిగాను. "అంతా విన్నాను. నా నాటకం పిల్లలకి చూపించాల్సింది," అంది. ఆటపట్టించడానికే అంది, నేను కూడా కాస్త నవ్వాను.

మూడు నెలలు క్లినిక్‌లో రక్తాలు తీసి, నా వార్డుకి తిరిగొచ్చి, రిటైరయ్యేదాకా దాన్ని నడిపాను. బాగా నడిపాను. దుప్పటి మూలల విషయంలో మాత్రం మారలేదు, ఎందుకు మారాలి? కానీ రోజూ హ్యాండోవర్ చివర్లో, ఇవాళ నేను చేసిందాంట్లో ఏం తప్పుందో చెప్పండి అని అడిగి, నోరు మూసుకుని నిలబడేదాన్ని. మొదటి నెలంతా ఎవరూ మాట్లాడలేదు. రెండో నెలలో మొదలుపెట్టారు. ఆ తరవాత, నన్ను నమ్మండి, ఆపడమే కష్టమైంది.

అందుకని పిల్లలూ, ఒంట్లో బాలేకపోతే ఫోన్ చేసి చెప్పండి. సిగ్గుపడకండి. పెద్ద కుర్చీలో కూర్చున్నాక మీకెవరూ ఏమీ చెప్పడం లేదంటే, అంతా బాగుందని మురిసిపోకండి, కంగారు పడండి.

ఆ అమ్మాయి పరీక్ష పాసైంది. భర్తా కూతురూ వచ్చారు. ఇప్పుడు లీడ్స్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో తనే వార్డు సిస్టర్. ఇంటికి ఫోన్ చేస్తే మొన్నటి దాకా మా ఆయనతోనే ఎక్కువ మాట్లాడేది, ఈ మధ్య నాతో కూడా మాట్లాడుతోంది. పోయిన నెల ఫోన్ చేసి కాసేపు నసిగింది.

"ఒకటి చెప్తే ఏమనుకోకున్రి సిస్టర్. మా వార్డుల కొత్తోళ్లు చేరినప్పుడల్లా మీ ముచ్చట చెప్తున్న. ఆళ్లు నమ్ముతలేరు. సిస్టర్ అనేటామె అందరి ముంగట నిలబడి గట్ల ఒప్పుకుంటదా, నువ్వు అల్లి చెప్తున్నవ్ అంటున్నరు. అందుకే మీ పేరు పెట్టి చెప్తున్న."

ఇక్కడ నేను ఎవరి పేరూ రాయలేదని మీరు గమనించే ఉంటారు. ఎవరి పరువు వాళ్లది. నా పేరు మాత్రం ఆమె ఇష్టం.

ఇంటిపేరు కూడా కలిపి చెప్పమన్నాను.